అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో చోటు: తొమ్మిదో తరగతి నుంచి సంతకం దాకా ఏం చేయాలి

అబ్బాయి బాగా ఆడితే చాలు, కోచ్‌లే వెతుక్కుంటూ వస్తారని చాలా ఇళ్ళలో ధీమా. పన్నెండో తరగతిలో ఆఫర్ చేతికొచ్చాక, తొమ్మిదిలో చేసిన ఒక కోర్సు లెక్కలోకి రాదని తెలుస్తుంది. అప్పటికి దిద్దుకునే దారి ఉండదు. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. మనకు తెలిసిన స్పోర్ట్స్ కోటాలో సర్టిఫికెట్లు చూపిస్తే చాలావరకు పని అయిపోయేది. ఇక్కడ చదువుకు, ఆటకు, డబ్బుకు, వీసాకు దేని నియమాలు దానివి, దేని గడువు దానిది. కింద ఇచ్చిన అంకెలు 2025-26 విద్యా సంవత్సరానివి. ఈ నియమాలు ఏటా ఎంతో కొంత మారుతుంటాయి కాబట్టి ప్రతి ఆగస్టులో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల నియమాలు చూసే సంస్థ) సైట్‌లో మరోసారి సరిచూసుకోండి.

ముందుగా: ఏ మెట్టు మీద ఆడగలడు?

కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పైన ఉన్నది డివిజన్ 1. అందులో రెండు భాగాలు. టీవీలో కనిపించే పెద్ద జట్లది ఎఫ్‌బీఎస్, అందులో 136 జట్లున్నాయి. దాని కింద ఎఫ్‌సీఎస్. తర్వాత డివిజన్ 2, డివిజన్ 3. వీటికి బయట ఎన్ఏఐఏ అనే వేరే సంఘం కాలేజీలు, రెండేళ్ళ జూనియర్ కాలేజీలు ఉన్నాయి. దేశమంతటా హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు సుమారు 10 లక్షల మంది. వాళ్ళలో ఎన్‌సీఏఏ కాలేజీ జట్టు దాకా వెళ్ళేది నూటికి ఏడుగురు. ఆ ఏడుగురిలోనూ సగానికి పైగా డివిజన్ 2, 3లకు వెళ్ళేవాళ్ళే.

మీ అబ్బాయి ఏ మెట్టుకు సరిపోతాడో మీరు తేల్చకండి, అబ్బాయినీ తేల్చనివ్వకండి. పదో తరగతి సీజన్ అయ్యాక హైస్కూల్ హెడ్ కోచ్‌తో పావుగంట మాట్లాడి, "మీరు ఇదివరకు కాలేజీలకు పంపిన పిల్లల్లో వీడు ఎవరికి దగ్గరగా ఉన్నాడు, వాళ్ళు ఎక్కడికి వెళ్ళారు?" అని అడగండి. రిక్రూటింగ్ సర్వీసుల పేరుతో వేల డాలర్లు అడిగేవాళ్ళు ఈ జవాబు చెప్పరు. ఎత్తు, బరువు, 40 గజాల పరుగు ఎవరైనా కొలిచినవే చెప్పండి, ఇంట్లో స్టాప్‌వాచ్‌తో తీసినవి వద్దు. క్యాంపులో కొలిచినప్పుడు రెండు అంగుళాలు తగ్గితే, మీరు చెప్పిన మిగతా మాటలనూ కోచ్ అనుమానంగానే చూస్తాడు.

16 కోర్ కోర్సులు

డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు, అంటే ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ప్రధాన సబ్జెక్టులు, పూర్తి కావాలి. ఏడాది పొడుగునా సాగే కోర్సు ఒక యూనిట్, ఒక్క సెమిస్టర్ కోర్సు అర యూనిట్. పంపకం ఇలా ఉంటుంది:

- ఇంగ్లిష్: 4
- లెక్కలు, ఆల్జీబ్రా 1 లేదా అంతకు పైవి: 3
- సైన్స్: 2 (స్కూల్లో ల్యాబ్ కోర్సు ఉంటే అందులో ఒకటి ల్యాబ్‌తో)
- ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లో ఏదైనా అదనంగా: 1
- సోషల్ సైన్స్: 2
- పై వాటిలోంచి గానీ, విదేశీ భాష, తత్వశాస్త్రం, మతాల అధ్యయనంలోంచి గానీ: 4

డివిజన్ 2 కూడా 16 అడుగుతుంది, పంపకం కొంచెం సడలిస్తుంది. ఇంగ్లిష్ 3, లెక్కలు 2 ఉంటే చాలు, ఆ తగ్గినవి అదనపు వాటిలో నింపుకోవచ్చు. డివిజన్ 3లో ఎన్‌సీఏఏ తరఫున ఇలాంటి లెక్కేమీ లేదు. కాలేజీలో సీటు వస్తే ఆ కాలేజీ నియమాలే వర్తిస్తాయి.

కోర్సు పేరు చూసి నమ్మకండి. ఒక్కో హైస్కూల్‌కు ఎన్‌సీఏఏ ఆమోదించిన కోర్సుల జాబితా విడిగా ఉంటుంది. స్కూల్ ఆరంకెల కోడ్‌తో ఎలిజిబిలిటీ సెంటర్ (ఆటగాళ్ళ అర్హత తేల్చే ఎన్‌సీఏఏ విభాగం) సైట్‌లో వెతికితే అది కనిపిస్తుంది. దాన్ని ప్రింట్ తీసి, ఏటా కోర్సులు ఎంచుకునే రోజున కౌన్సిలర్ ముందు పెట్టండి. కౌన్సిలర్ చూసేది డిప్లొమాకు కావలసిన కోర్సులు. కోర్ కోర్సుల లెక్క మీరే చూసుకోవాలి. పీఈ, హెల్త్, బ్యాండ్ లెక్కలోకి రావు. కంప్యూటర్ సైన్స్‌ను స్కూల్ లెక్కల కిందో సైన్స్ కిందో క్రెడిట్ ఇస్తేనే, అదీ జాబితాలో ఉంటేనే చెల్లుతుంది. మన పిల్లలు ఇష్టంగా తీసుకునే కోర్సు ఇది కాబట్టి దీన్ని తప్పకుండా సరిచూడండి.

మార్కుల లెక్క

డివిజన్ 1కు కోర్ జీపీఏ కనీసం 2.3, డివిజన్ 2కు 2.2. శాట్, యాక్ట్ మార్కుల నిబంధనను 2023లో ఎన్‌సీఏఏ తీసేసింది. కాలేజీ అడ్మిషన్‌కో మెరిట్ స్కాలర్‌షిప్‌కో అవి కావాల్సి రావచ్చు, కాబట్టి పూర్తిగా వదిలేయకండి.

ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉండే మొత్తం జీపీఏ ఇక్కడ పనికిరాదు. కోర్ కోర్సులవే విడిగా వేయాలి. ఏకు 4, బీకి 3, సీకి 2, డీకి 1. ప్లస్, మైనస్ చూడరు, ఏ ప్లస్‌కూ ఏ మైనస్‌కూ అదే 4. ఉదాహరణకు 16 యూనిట్లలో 3 ఏలు, 6 బీలు, 5 సీలు, 2 డీలు ఉన్నాయనుకోండి. 12, 18, 10, 2 కలిపితే 42. దాన్ని 16తో భాగిస్తే 2.625. 2.3 అందుకోవాలంటే మొత్తం 36.8 పాయింట్లు కావాలి. ఈ సంఖ్య గుర్తుంటే ప్రతి సెమిస్టర్ చివర ఇంకా ఎంత కావాలో మీరే వేసుకోవచ్చు. ఆనర్స్, ఏపీ కోర్సులకు స్కూల్ అదనపు పాయింట్లు ఇస్తుంటే, ఆ పద్ధతిని ఎన్‌సీఏఏ దగ్గర నమోదు చేయించి ఉంటేనే, గరిష్ఠంగా 1 పాయింట్ దాకా కలుపుతారు. 16 కన్నా ఎక్కువ కోర్ కోర్సులు చేసి ఉంటే, పై పంపకానికి సరిపోయేలా మంచి గ్రేడ్లు వచ్చినవే తీసుకుంటారు. అందుకే 18, 19 చేసి పెట్టుకోవడం మేలు.

పది-ఏడు నియమం: ఎక్కువమంది పట్టుబడేది ఇక్కడే

డివిజన్ 1కు ఇంకో షరతుంది. పన్నెండో తరగతి, అంటే ఏడో సెమిస్టర్, మొదలయ్యేలోపు 16లో 10 కోర్సులు పూర్తవ్వాలి. ఆ పదిలో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లోవి అయి ఉండాలి. ఏడో సెమిస్టర్ మొదలైన రోజున ఆ పదింటి గ్రేడ్లకూ తాళం పడుతుంది. తర్వాత మళ్ళీ రాసి గ్రేడ్ పెంచుకున్నా జీపీఏలోకి రాదు.

కాబట్టి తొమ్మిదిలో జామెట్రీలో వచ్చిన డీని మార్చుకోవాలంటే ఆఖరి అవకాశం పదకొండు తర్వాత వచ్చే వేసవి. ఆ వేసవిలోనే క్యాంపులు కూడా. అందుకే డీలు, ఎఫ్‌లు ఏమైనా ఉంటే పది తర్వాతి వేసవిలోనే తీర్చేసుకోండి.

పది-ఏడు తప్పినా దారులు పూర్తిగా మూసుకుపోవు. మొత్తం 16 పూర్తిచేసి, జీపీఏ 2.0కి తగ్గకపోతే డివిజన్ 1లో 'అకడమిక్ రెడ్‌షర్ట్'గా చేరవచ్చు. స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, మొదటి టర్మ్‌లో ప్రాక్టీస్ చేయవచ్చు, ఆ ఏడాది మ్యాచ్‌లు మాత్రం ఆడకూడదు. డివిజన్ 2లో ఈ పది-ఏడు షరతే లేదు.

ఇంకా ఎక్కడెక్కడ తప్పుతుందంటే:

ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1, స్పానిష్ 1 పూర్తిచేసే పిల్లలు మన ఇళ్ళలో చాలామంది. అవి హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్ మీద గ్రేడ్‌తో, క్రెడిట్‌తో కనిపిస్తేనే లెక్కలోకి వస్తాయి. మిడిల్ స్కూల్ రిపోర్ట్ కార్డులో ఉంటే లాభం లేదు. తొమ్మిది మొదలైన నెలలోనే ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించి చూడండి.

ఆన్‌లైన్ వేసవి కోర్సు సొంత వేగంతో, టీచర్‌తో మాటామంతీ లేకుండా మూడు వారాల్లో ముగిసేదైతే ఎన్‌సీఏఏ సాధారణంగా ఒప్పుకోదు. ఫీజు కట్టకముందే ఆ సంస్థ, ఆ కోర్సు ఆమోదిత జాబితాలో ఉన్నాయో లేదో చూడండి.

తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన రోజు నుంచి ఎనిమిది సెమిస్టర్ల గడియారం నడుస్తుంది. ఒళ్ళు పెరగాలని ఓ ఏడాది వెనక్కి వేయించే పద్ధతి ఇక్కడ బాగా వాడుకలో ఉంది. ఎనిమిదిని మళ్ళీ చదివితే గడియారానికి నష్టం లేదు. తొమ్మిది దాటాక మళ్ళీ చదివిస్తే ఆ గడియారం ఆగదు. సమయానికి గ్రాడ్యుయేట్ అయ్యాక డివిజన్ 1కు అదనంగా ఒక్క కోర్ యూనిట్ మాత్రమే చేసుకోనిస్తారు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తొమ్మిది, పది చదివి అమెరికా వచ్చిన అబ్బాయైతే, ఆ స్కూలు మార్కుల మెమోలు కూడా ఎలిజిబిలిటీ సెంటర్‌కు చేరాలి. తొమ్మిది నుంచి చదివిన ప్రతి స్కూలూ లెక్కే. పాత స్కూలుతో ఉత్తర ప్రత్యుత్తరాలకు నెలలు పడతాయి కాబట్టి వచ్చిన ఏడాదే మొదలుపెట్టండి.

ఎన్‌సీఏఏ సంగతి అటుంచి, హైస్కూల్ జట్టులో నిలవడానికి రాష్ట్రం నియమాలు వేరే ఉంటాయి. టెక్సస్‌లో 'పాస్ కాకపోతే ఆట లేదు' అన్నది చట్టం. గ్రేడింగ్ కాలం చివర ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తగ్గితే కనీసం మూడు వారాలు మ్యాచ్‌లు ఉండవు. కొన్ని ఆనర్స్, ఏపీ కోర్సులకు దీని నుంచి మినహాయింపు ఉంటుంది, ఏవేవో స్కూలు డిస్ట్రిక్ట్‌ను అడగండి. పదకొండో తరగతిలో మూడు మ్యాచ్‌లు పోతే, కోచ్‌లకు పంపే వీడియోలో మూడు మ్యాచ్‌లు పోయినట్టే.

ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు

తొమ్మిదిలోనో పదిలోనో ఉచితంగా ప్రొఫైల్ పేజీ తెరిచి, ఎన్‌సీఏఏ ఐడీ తీసుకోండి. డివిజన్ 1, 2 కాలేజీలు ఆసక్తి చూపడం మొదలుపెట్టాక దాన్ని ఫీజు కట్టే సర్టిఫికేషన్ ఖాతాగా మార్చుకోవాలి. స్కూల్లో ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హత ఉన్న కుటుంబాలు ఫీజు మినహాయింపు అడగవచ్చు. పదకొండు పూర్తవగానే ఆరు సెమిస్టర్ల ట్రాన్స్‌క్రిప్ట్‌ను కౌన్సిలర్ చేత పంపించండి. స్కూలు నేరుగా పంపినదే చెల్లుతుంది, మీరు స్కాన్ చేసి పంపినది తీసుకోరు. పన్నెండులో ఏప్రిల్ 1 తర్వాత ఖాతాలోకి వెళ్ళి అమెచ్యూరిజం (వృత్తి ఆటగాడు కాదన్న) తుది ధ్రువీకరణ కోరాలి. గ్రాడ్యుయేషన్ అయ్యాక తుది ట్రాన్స్‌క్రిప్ట్ పంపాలి. ఈ చివరి రెండూ మరిచిపోయి ఆగస్టు ప్రాక్టీస్ బయట నిలబడే పిల్లలు ఉంటారు.

వీడియో, ఈమెయిల్, క్యాంపు

హడల్ అనే మ్యాచ్ వీడియోల సైట్‌లో మూడు నాలుగు నిమిషాల హైలైట్ వీడియో చేయండి. మొదటి ఐదారు ప్లేలు అత్యుత్తమమైనవి కావాలి, చాలామంది కోచ్‌లు అంతకు మించి చూడరు. స్నాప్‌కు (బంతి కదిలి ప్లే మొదలయ్యే క్షణానికి) ముందు అబ్బాయి మీద బాణం గుర్తో వలయమో పెట్టండి. పాటలు, గ్రాఫిక్స్ అక్కర్లేదు. మొదటి ఫ్రేములో పేరు, గ్రాడ్యుయేషన్ సంవత్సరం, పొజిషన్, జెర్సీ నంబర్, ఎత్తు, బరువు, కోర్ జీపీఏ, హైస్కూల్ కోచ్ ఫోన్ ఉండాలి. నచ్చిన కోచ్ వెంటనే పూర్తి మ్యాచ్ వీడియో అడుగుతాడు కాబట్టి గట్టి ప్రత్యర్థి మీద ఆడిన రెండు మ్యాచ్‌లు సిద్ధంగా ఉంచండి.

ఈమెయిల్ అబ్బాయే రాయాలి. నాన్న రాసిన ఉత్తరం కోచ్‌కు ఇట్టే తెలిసిపోతుంది, అది అబ్బాయికి మేలు చేయదు. హెడ్ కోచ్‌కు కాకుండా ఆ పొజిషన్ కోచ్‌కు, రిక్రూటింగ్ కోఆర్డినేటర్‌కు పంపండి. ఐదారు వాక్యాలు, వీడియో లింకు, ట్రాన్స్‌క్రిప్ట్, రాబోయే మ్యాచ్‌ల తేదీలు చాలు. కోచ్ తిరిగి రాయడానికి తరగతిని బట్టి అనుమతి తేదీలున్నాయి. తొమ్మిది, పది తరగతుల్లో క్యాంపు కరపత్రమో ప్రశ్నావళో తప్ప జవాబు రాకపోతే నిరాశపడనక్కర్లేదు. రాయడానికి మాత్రం అబ్బాయికి ఎప్పుడైనా స్వేచ్ఛే.

జూన్‌లో కాలేజీలు నడిపే ఒక్కరోజు క్యాంపులే ఎక్కువ ఆఫర్లకు మొదలు. క్యాంపుకు ఆహ్వానం వచ్చిందంటే ఆసక్తి ఉన్నట్టు కాదు, అవి వేల మందికి పంపిస్తారు. పొజిషన్ కోచ్ పేరు పెట్టి పిలిచిన రెండు మూడు క్యాంపులకు, పలు కాలేజీల కోచ్‌లు కలిసి చూసే ఒక క్యాంపుకు డబ్బు పెట్టండి, అంతే. కిక్కర్, పంటర్, లాంగ్ స్నాపర్లకు విడిగా క్యాంపులుంటాయి. ఒళ్ళు పెద్దది కాని పిల్లలకు ఈ పొజిషన్లు నిజమైన అవకాశం, కాకపోతే ఒక్కో జట్టులో ఒకరిద్దరికే చోటు.

కాలేజీ ఖర్చుతో జరిగే అఫిషియల్ విజిట్లు డివిజన్ 1లో పదకొండో తరగతి ఏప్రిల్ 1 నుంచి మొదలవుతాయి. ఒక్కొక్కటి 48 గంటలకు మించదు. దానికి ముందే ఎలిజిబిలిటీ సెంటర్ ఖాతా, ట్రాన్స్‌క్రిప్ట్ సిద్ధంగా ఉండాలి. సొంత ఖర్చుతో వెళ్ళే విజిట్లకు పరిమితి లేదు, డెడ్ పీరియడ్‌లో (కోచ్‌లు ముఖాముఖి కలవకూడని రోజుల్లో) తప్ప.

ఆఫర్ అంటే ఎంత, స్కాలర్‌షిప్ అంటే ఎంత

నోటిమాట ఆఫర్‌కు ఎవరూ కట్టుబడి ఉండరు, కాలేజీ గానీ మీరు గానీ. రాతపూర్వక ఆఫర్ పన్నెండో తరగతి ఆగస్టు 1 కన్నా ముందు ఇవ్వకూడదు. ఆ కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను 2024 అక్టోబరులో రద్దు చేశారు. ఇప్పుడు సంతకం పెట్టేది కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం ఒప్పందం మీదే, డిసెంబరు మొదట్లోనో ఫిబ్రవరిలోనో. ట్విటర్‌లో 'ఆఫర్ వచ్చింది' అని పెట్టుకునే ముందు అబ్బాయి చేత ఒక్క ప్రశ్న అడిగించండి: "నేను ఈ రోజే ఒప్పుకుంటే మీరు తీసుకుంటారా?" తడబాటు వినిపిస్తే అది ఇంకా ఆఫర్ కానట్టే లెక్క.

సంఖ్యల విషయానికొస్తే, ఏళ్ళ తరబడి ఎఫ్‌బీఎస్‌లో జట్టుకు 85 పూర్తి స్కాలర్‌షిప్పులు, ఎఫ్‌సీఎస్‌లో 63 పూర్తి స్కాలర్‌షిప్పుల విలువ, డివిజన్ 2లో 36. ఆటగాళ్ళకు డబ్బు చెల్లింపుల మీద ఎన్‌సీఏఏపై నడిచిన హౌస్ కేసు ఒప్పందాన్ని 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించాక డివిజన్ 1 లెక్క మారింది. ఒప్పందంలో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్పుల సంఖ్య మీద పరిమితి పోయింది, బదులుగా జట్టులో 105 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. చేరని కాలేజీలకు పాత అంకెలే.

దీని ప్రభావం రెండు రకాలు. 105 మందికీ సాయం ఇవ్వవచ్చు, ఇచ్చితీరాలని మాత్రం లేదు. పైగా ఎఫ్‌బీఎస్‌లో ఇదివరకు ఇస్తే పూర్తిగా ఇవ్వాలి, ఇప్పుడు ముక్కలుగా పంచవచ్చు. రెండోది, డబ్బు లేకుండా జట్టులో ఉండే వాక్-ఆన్ చోట్లు తగ్గాయి. ఇదివరకు 120 మందికి పైగా ఉన్న జట్ల నుంచి అంత మేరా తెగ్గోశారు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునేవాళ్ళ జాబితాలో) అనుభవం ఉన్న ఆటగాళ్ళు దొరుకుతుంటే, హైస్కూల్ పిల్లలకు మిగిలే చోట్లు ఇంకా తగ్గుతాయి. 'ప్రిఫర్డ్ వాక్-ఆన్' అన్న మాట విన్నప్పుడు 105లో చోటు ఖాయమా, ఎన్నేళ్ళకు అని అడగండి.

డివిజన్ 2లో 36 స్కాలర్‌షిప్పుల డబ్బును వంద మందికి పైగా పంచుతారు. సగటున ఒక్కొక్కరికి మూడో వంతు వస్తే గొప్ప, చాలా కాలేజీలు 36కూ డబ్బు పెట్టవు. అక్కడ మార్కుల మీద వచ్చే మెరిట్ సాయమే ఆట డబ్బు కన్నా పెద్దది కావచ్చు. డివిజన్ 3లో, ఐవీ లీగ్‌లో ఆటకు స్కాలర్‌షిప్పే లేదు. ఐవీ కాలేజీలు కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయమిస్తాయి. ఫుట్‌బాల్ కోచ్ మద్దతు అక్కడ అడ్మిషన్‌లో బలంగా పనిచేస్తుంది. 3.9 జీపీఏతో, ఓ మోస్తరు పెద్ద శరీరంతో ఉన్న అబ్బాయికి డివిజన్ 2 స్కాలర్‌షిప్ కన్నా ఈ దారే మంచిదని మా అభిప్రాయం.

ఒప్పందం కాగితం వచ్చాక చూడాల్సినవి: ఎన్నేళ్ళకు (ఒక్క ఏడాదికీ ఇవ్వవచ్చు), ట్యూషన్, గది, భోజనం, పుస్తకాల్లో ఏవేవి, వేసవి తరగతులకు కూడానా. ఒప్పంద కాలంలో ఆట బాగాలేదనో గాయమైందనో సాయం తగ్గించకూడదు. అర్హత పోగొట్టుకున్నా, తనంతట తానే మానేసినా తీసేయవచ్చు. ఏడాది ఒప్పందమైతే, కొనసాగింపు గురించి జులై 1లోపు రాతపూర్వకంగా చెప్పాలి, తీసేస్తే అప్పీలుకు హక్కుంది.

హెచ్-4, గ్రీన్ కార్డు, పన్ను

ఆట స్కాలర్‌షిప్ కాలేజీ డబ్బు, కాబట్టి పౌరసత్వం లేకపోయినా తీసుకోవచ్చు. ఫాఫ్సా దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ సాయం మాత్రం హెచ్-4 పిల్లలకు రాదు. సాయం ఆధారంగా డివిజన్ 3కో ఐవీకో వెళ్ళాలనుకుంటే, పౌరులు కానివాళ్ళకు ఆ కాలేజీ ఎలా ఇస్తుందో ముందే అడగండి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పౌరసత్వంతో పనిలేకుండా అవసరాన్ని బట్టే సాయమిస్తాయి. వెస్ట్ పాయింట్, అన్నపోలిస్ వంటి సైనిక అకాడమీలకు పౌరసత్వం తప్పనిసరి.

21 ఏళ్ళు నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1కు మారాలి. అది చాలామందికి కాలేజీ మూడో ఏడాదిలో, సీజన్ నడుమ వస్తుంది. తేదీ ముందే చూసుకుని, కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుతో ఏడాది ముందే మాట్లాడండి. ఎన్ఐఎల్ (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చే) ప్రకటనల డబ్బు, కాలేజీ నేరుగా ఇచ్చే ఆదాయ వాటా హెచ్-4, ఎఫ్-1 పిల్లలకు వీసా ఉల్లంఘన అయ్యే ప్రమాదముంది. తోటి ఆటగాళ్ళంతా తీసుకుంటున్నా సరే, ఇమ్మిగ్రేషన్ లాయర్ రాసిచ్చేదాకా ఒక్క టీషర్టు ఒప్పందం మీద కూడా సంతకం వద్దు. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, పుస్తకాల భాగానికి పన్ను లేదు. గది, భోజనం భాగం పన్ను వేసే ఆదాయమే.

చేరాక మొదటి టర్మ్

ఫుట్‌బాల్‌కు ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. ఫాల్ టర్మ్‌లో 9 క్రెడిట్లు పాసై, అర్హత పాయింటు (తర్వాతి టర్మ్‌కు చదువులో అర్హుడిగా నిలిస్తే వచ్చేది) తెచ్చుకోకపోతే తర్వాతి సీజన్ మొదటి నాలుగు మ్యాచ్‌లు ఆడకూడదు. 12 క్రెడిట్లే నమోదు చేసుకుంటే ఒక్క నాలుగు క్రెడిట్ల కోర్సు పోయినా 8కి పడతాడు. 15 తీసుకోమనండి. రెండో ఏడాది మొదలయ్యేలోపు 24 క్రెడిట్లు కావాలి. మూడో ఏడాది నాటికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60 శాతం పూర్తవ్వాలి. ఆ శాతం లెక్కించేది ఎంచుకున్న మేజర్‌కు పనికొచ్చే క్రెడిట్లనే. రెండో ఏడాది చివర బిజినెస్ నుంచి ఇంజనీరింగ్‌కు మారితే అప్పటిదాకా చేసిన వాటిలో సగం ఆ శాతంలోంచి రాలిపోవచ్చు. మేజర్ మార్చే ఆలోచన ఉంటే ఫారం నింపకముందే అథ్లెటిక్స్ విభాగంలోని అకడమిక్ సలహాదారు చేత శాతం లెక్క వేయించుకోమని అబ్బాయికి చెప్పండి.